కొండ దిగిన మైలేజీ

ఏళ్ళ తరబడి ఒక బరువు మోస్తున్నాను. ఈ వాక్యం రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మోసింది నేనెక్కడ? మోసినవాడు వేరే ఉన్నాడు. నేను దాచానంతే. దాచినవాడికీ నిద్ర పట్టదు, అది నిజమే. కానీ పట్టని నిద్రను చూపించి మీ దగ్గర జాలి సంపాదించుకుందామని రాయడం లేదు. నన్ను క్షమించమని అడగను. మీరు క్షమిస్తే మాత్రం నాకు ఒరిగేదేముంది? చివరిదాకా వినండి, చాలు.

సూటిగా చెప్పేస్తాను. ఒక డ్రైవరు పెట్రోలు దొంగ అనిపించుకుని పని పోగొట్టుకున్నాడు. ఆయన దొంగ కాడని ఆ రోజు అక్కడున్నవాళ్ళలో ఆయన తర్వాత తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నన్ను అడిగారు కూడా. నోరు విప్పాను. విప్పి అబద్ధం చెప్పాను.

మాది తిరుపతి. టైర్ల షాపు, వీల్ అలైన్‌మెంటు. బండ్లంటే పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, దాన్ని దాచుకోవలసిన అవసరం ఇప్పటికీ కనపడదు. మా బంధువుల్లో ఎవరు బండి కొన్నా ముందు నన్ను అడిగేవాళ్ళు. ఆ అడగడంలో ఒక మత్తు ఉంటుంది. పెళ్ళిలో పెద్దవాళ్ళు కూర్చున్న చోటికి నన్ను పిలిచి, పక్కన కుర్చీ వేసి, ఏ బండి మంచిదో చెప్పమనేవాళ్ళు. చదువులో, సంపాదనలో ఎక్కడా పిలవనివాళ్ళు బండ్ల దగ్గర పిలిచేవాళ్ళు. ఆ కుర్చీ పోతుందేమోనన్న భయమే ఈ కథంతా అని ఇప్పుడు అనిపిస్తుంది. కాదు, అంతా అదే అని చెప్తే తప్పించుకున్నట్టే. ఇంకోటి కూడా ఉంది. చెప్తాను.

మా బావ, అంటే మా అక్క భర్త, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుపుతాడు. దామలచెరువు మామిడి మండీలో ఆయనతో పోటీపడే ఇంకో ఫ్యాక్టరీ యజమాని జర్మనీ కారులో దిగడం మొదలుపెట్టాక మా బావకు అన్నం సహించలేదు. దానికంటే పెద్దది కావాలన్నాడు. బెంగుళూరులో ఎవరో కొన్నాళ్ళు తిప్పి అమ్మకానికి పెట్టిన అమెరికా కారు ఒకటి ఉందని చెప్పింది నేనే. రెండే తలుపులు, పొడుగాటి మూతి, ఐదు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు. మన వీధుల్లో తిరిగే మామూలు కార్ల ఇంజన్లు నాలుగు కలిపితే దాని ఇంజను ఒకటి. తాళం తిప్పగానే వచ్చిన ఆ గురగురకి బావ ముఖం వెలిగిపోయింది. నా సంగతి ఆయన కంటే అన్యాయం. ఆ కారు మా కుటుంబంలోకి రావాలి, నేను దాన్ని నడపాలి. నాకు దాన్ని కొనే తాహతు జన్మలో లేదు. మా బావకు ఉంది. ఇది ఆ ఇంకోటి.

బావ మూత ఎత్తి చూశాడు, సీట్లో కూర్చున్నాడు, హారన్ కొట్టాడు. అప్పుడు అడిగాడు, మనవాళ్ళు ఏ బండినైనా అడిగే మొదటి ప్రశ్న. ఎంతిస్తాది?

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు. అంత ఇంజనుకు మైలేజీ అడగడమేమిటి? అది తాగుతుంది. తాగడం దాని తప్పు కాదు, దాన్ని అందుకే చేశారు. కంపెనీ కాగితంలో వేసే అంకె చల్లటి గదిలో, రోలర్ల మీద తిప్పి తీసినది. మన ఎండలో, మన స్పీడ్ బ్రేకర్ల మీద, ఏసీ వేసుకుని చిత్తూరు బజారులో తిప్పితే లీటరుకు నాలుగు వస్తే గొప్ప. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ ఏమన్నాను? "ఆపతా ఆపతా పోతే ఏడెనిమిది, హైవేలో పది ఇస్తాది బావా" అన్నాను. ఆయన నమ్మీ నమ్మనట్టు చూశాడు. నమ్మకపోతే తీసుకోడు. అందుకని లెక్క తీసి చూపిస్తానన్నాను.

మా ప్రాంతంలో కొత్త బండి వస్తే ముందు అలిపిరికి పోతుంది. పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అక్కణ్ణుంచి కొండకు. మా బావ ఒక మెలిక పెట్టాడు. అడ్వాన్సు ఇచ్చి తెచ్చుకుందాం, పూజ చేయించుకుని కొండకు పోయి వద్దాం, నువ్వన్నంత ఇస్తే మిగతాది కట్టేస్తాను, లేకపోతే బండిని వాళ్ళకు తోలేద్దాం అని. సరేనన్నాను. కొండ ఎక్కేటప్పుడు, లీటరుకు ఎంతిస్తోందో చూపించే మీటరు జోలికి పోలేదు. అంత బరువైన బండి ఆ మలుపుల్లో పైకి పోతూ తాగిన తాగుడు చూస్తే బావ అక్కడే దిగిపోయేవాడు. దర్శనమయ్యాక, ఆయన ఒళ్ళో లడ్డూల సంచి పెట్టుకుని కూర్చున్నాక, కొండ మీద బంకులో ట్యాంకు నిండా కొట్టించాను. ఆయన కళ్ళ ముందే మీటరు సున్నా చేశాను. తర్వాత దిగాం.

తిరుమల తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దిగే దారి మొత్తం పల్లమే. తొందరగా దిగితే కింద టోల్‌గేటు దగ్గర జరిమానా వేస్తారు, కాబట్టి అందరూ నెమ్మదిగానే దిగుతారు. గేరులో పెట్టి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి వదిలితే బండి తన బరువుకు తనే దిగుతుంది. పెట్రోలు వాసన కూడా చూడదు. అట్లా దిగి, రేణిగుంట దాకా మెత్తగా పోయి, అక్కడ మళ్ళీ ట్యాంకు నింపించాను. మీటరు పదికి పైనే చూపించింది. నేనే దాని మీద వేలు పెట్టి చూపించాను.

చిత్తూరువాడు, పుట్టినప్పటి నుంచీ కొండ ఎక్కి దిగుతున్నవాడు, ఎట్లా మోసపోయాడు? దీన్ని చాలా సార్లు ఆలోచించాను. బయటివాళ్ళకు కొండ ఒక ప్రయాణం. మాకు కాదు. మేడ ఎక్కి దిగినట్టు. అందుకే ఎక్కినది ఎవరూ లెక్కలోకి తీసుకోరు, దిగినదీ తీసుకోరు. పైగా అది స్వామి దగ్గర నుంచి తెచ్చిన అంకె. బావ దాన్ని లడ్డూతో పాటు ఊరంతా పంచాడు. "కొండ మీద కొట్టించి తీసిన లెక్కబ్బా, దాంట్లో అబద్ధముండదు" అని మండీలో అందరికీ చెప్పాడు. నేను పక్కనే ఉండి తల ఊపాను. ఇక ఆ అంకెను కాదనడం ఎవరి తరం?

ఆ కారును రోజూ తోలింది మునిరత్నం. మా బావ దగ్గర చాలా కాలంగా డ్రైవరు. అంతకు ముందు పాల వ్యాన్లు, లారీలు తోలినవాడు. నా కంటే బాగా పెద్దవాడు, అయినా నన్ను మీరనే పిలిచేవాడు. మొదట్లో ఆ బండికి భయపడ్డాడు. తర్వాత దాన్ని స్పీడ్ బ్రేకర్ల మీద అడ్డంగా, కడుపు తగలకుండా, పసిబిడ్డను దించినట్టు దించేవాడు. బావ మండీలో బేరాలాడుతున్నంత సేపూ, తిరిగొచ్చేసరికి చల్లగా ఉండాలని, ఏసీ వేసి ఇంజను ఆపకుండా నిలబెట్టమనేవాడు. మామిడికాయల కాలమంటే ఎండాకాలం. ఎనిమిది సిలిండర్లు ఊరికే నిలబడి తాగుతూ ఉండేవి.

ఆదివారాలు నావి. తెల్లారగానే తిరుపతి నుంచి బస్సులో వెళ్ళేవాణ్ణి, మునిరత్నం తాళం ఇచ్చేవాడు. బండి ఫ్యాక్టరీలోనే ఉండేది, ఆదివారం బావ అటు రాడు, ఆయనకు తెలియదు. నాయుడుపేట వైపు రోడ్డు ఖాళీగా ఉండేది. కాలు నొక్కితే వీపు సీటుకు అతుక్కునేది, ఆ మోత పొట్టలో వినపడేది. ఈ ఒప్పుకోలులో నేను సిగ్గుపడాల్సిన చోట్లు చాలా ఉన్నాయి, ఆ ఆనందం మాత్రం వాటిలో లేదు. దాన్ని తప్పని రాయమంటే రాయను. ఇప్పటికీ ఆ మోత గుర్తొస్తే బాగుంటుంది. నా కాలి కింద అది లీటరుకు మూడు కూడా ఇచ్చేది కాదు. అది చూశాను. నవ్వుకుని మీటరు సున్నా చేసి తాళం ఇచ్చేసేవాణ్ణి. మునిరత్నం ఏమీ అనేవాడు కాదు. "మెల్లగా తోలండప్పా" అని మాత్రం ఒక్కోసారి అనేవాడు.

కాయల కాలం నడుమలో బావ బంకు బిల్లులు చూశాడు. పది ఇచ్చే బండి ఇంత తాగకూడదు. స్వామి దగ్గర తీసిన లెక్క తప్పు కాదు. మరి తప్పు ఎవరిది? మనిషిది. ఆయన బుర్ర అట్లా పోయింది, నేనే కదా ఆ దారి వేసింది.

ఆ రోజు షాపు సామాను కోసం చిత్తూరు పోయి, అక్క ఇంట్లో భోంచేద్దామని, ముందు ఫ్యాక్టరీకి వెళ్ళాను. బావ మునిరత్నాన్ని కాటా దగ్గర నిలబెట్టి ఉన్నాడు, కాయల బుట్టలు తూచే పెద్ద త్రాసు దగ్గర. కాయలు ఏరే ఆడవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు.

"పది ఇచ్చే బండి నాలుగిస్తా ఉండాదంటే మిగతాది యాడికి పోతా ఉండాది?" అంటున్నాడు బావ.

"అదే తాగతా ఉండాది సార్. ఏసీ ఏసి నిలబెట్టమంటారు గదా, నిలబడుకోనే తాగతాది. మీటరు సూడండి, నాలుగే సూపిస్తాది."

బావ నన్ను చూశాడు. "నువ్వొచ్చింది మంచిదైంది. సెప్పబ్బా, ఇది నాలుగిచ్చే బండేనా? లెక్క తీసిన వాడివి నువ్వు."

మునిరత్నం కూడా నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో భయం పోయింది. అది నాకు బాగా గుర్తుంది. నన్ను చూడగానే గట్టెక్కాననుకున్నాడు. "సెప్పండప్పా. బండి సంగతి మీకు తెలుసు గదా" అన్నాడు. అంతే అన్నాడు. ఆదివారాల మాట ఎత్తలేదు.

"నాలుగా?" అన్నాను. "అంత తాగదు బావా. ఆ మీటరు అమెరికా వాళ్ళది, మన పెట్రోలుకు సరిగ్గా సూపీదు."

"అంటే?"

"ఎవరో తీస్తా ఉన్నట్టుండాది."

మీటరు సరిగ్గా చూపదట. కొండ దిగిన రోజు అదే మీటరు మీద వేలు పెట్టిన చెయ్యి ఇదే. అయినా ఎవరికీ గుర్తు రాలేదు. మునిరత్నానికి తట్టిందో లేదో ఆ రోజు తెలియలేదు. ఆయన నన్ను చూస్తూ ఉండిపోయాడు, ఇప్పుడైనా సర్ది చెప్తాడేమోనని. ఆదివారాల సంగతి ఒక్క మాట అంటే చాలు, నేనూ ఇరుక్కుంటాను, ఆయన సగమైనా బయటపడతాడు. అనలేదు. ఎందుకు అనలేదు? నన్ను కాపాడడానికా? అన్నా నమ్మరని తెలిసా? లేక నాతో సమానంగా దిగజారడం ఇష్టం లేకనా? తాళం తీసి కాటా మీద పెట్టి గేటు దాటి వెళ్ళిపోయాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆ సామెతలో దొంగ ఎవరో ఆ ఫ్యాక్టరీలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. బావతో పాటు ఇంటికి పోయి అక్క వడ్డిస్తే భోంచేశాను. మామిడికాయ పప్పు. మారు కూడా వేయించుకున్నాను.

తర్వాత ఏమైందో మీరే ఊహించగలరు. కొత్త డ్రైవరు వచ్చాడు. బండి అంతే తాగింది. కొన్నాళ్ళకు ఇంజనులో ఏదో ఇబ్బందని చెప్పి బావ దాన్ని షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పించాడు. ఇబ్బందేమిటని బండ్ల పండితుణ్ణి నన్ను అడగలేదు. నేనూ చూస్తానని అనలేదు. ఆ కాలంలో చిత్తూరులో ఏ ఓనరూ మునిరత్నాన్ని బండి ఎక్కించుకోలేదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఆయన రేణిగుంటలో ఒక గోడౌనులో మూటలెత్తే పనికి చేరాడని విన్నాను. స్టీరింగు పట్టిన చేతులు మూటలు పట్టాయని విని ఏం చేశాను? ఏమీ చేయలేదు. రేణిగుంట మా షాపుకు ఎంత దూరమని?

అంతటితో ఆగినా నేను ఇది రాసేవాణ్ణి కాదేమో. ఉన్నదున్నట్టు చెప్తున్నాను, రాసేవాణ్ణి కాదు. కానీ అక్క ఇంట్లో ఆయన పేరు ఒక వేళాకోళమైపోయింది. ఒకరి గ్లాసులో మజ్జిగ ఇంకొకరు తాగితే "మునిరత్నం పని చేసినావే" అంటారు. ఫ్రిజ్‌లో పాలు తగ్గితే మునిరత్నం వచ్చిపోయినాడంటారు. ఆయన్ను ఎన్నడూ చూడని పిల్లలు కూడా అంటారు, వాళ్ళకు అది ఒక మనిషి పేరని కూడా తెలియదు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఏళ్ళ తరబడి నవ్వాను. నా తప్పుల్లో అన్నిటికంటే నీచమైనది ఏదని నన్ను అడిగితే, కాటా దగ్గర చెప్పిన అబద్ధం కాదు, ఈ నవ్వు అంటాను. ఆ రోజు భయపడ్డాను. నవ్వేటప్పుడు భయం కూడా లేదు.

ఈ మధ్య ఒకసారి అక్క ఇంట్లో అందరం అన్నానికి కూర్చున్నప్పుడు మళ్ళీ ఆ మాట వచ్చింది. అందరూ నవ్వారు. చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను. "ఆయన తియ్యలేదు, బండే తాగింది. నాకప్పుడే తెలుసు" అనేశాను. బావ చెయ్యి కడుక్కుని నన్ను వరండాలోకి పిలిచాడు. కోపంతో కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నాకు తెలీదనుకున్న్యావా?" అన్నాడు. "ఆయప్ప పొయినాంక గూడా అంతే తాగింది. తెలిసి ఏం సేసేది? పదిమందిలో అన్న మాట ఎనక్కి తీసుకునేదెట్ల? ఇప్పుడు దాన్ని తవ్వబాకు. నీకంత బాధగా ఉంటే కొండకు పొయ్యి గుండు కొట్టించుకో. హుండీలో ఏమన్నా ఎయ్యి. సరిపోతాది."

ఆయన మాట విని ఒక్క క్షణం తేలికైన మాట నిజం. నేనొక్కణ్ణే కాదన్నమాట. కానీ ఎంతసేపు? ఆయనకు తర్వాత తెలిసింది, నాకు ముందే తెలుసు. ఆయన పిరికితనం నా పిరికితనం పక్కన కూర్చున్నంత మాత్రాన నాది తగ్గదు.

కొండకు పోను. ఈ ముక్క గట్టిగానే రాస్తున్నాను. దేశమంతా వచ్చి ఇక్కడ తలనీలాలిచ్చి కన్నీళ్ళతో దిగిపోతుంది, వాళ్ళను నేను ఏమీ అనను. వాళ్ళ మొక్కు వాళ్ళది. నేను ఆ కొండను ఒకసారి నా అబద్ధానికి సాక్షిగా నిలబెట్టాను. మళ్ళీ అదే కొండకు పోయి, నా బరువు కూడా నువ్వే దించమంటానా? నా జుట్టుకు అంత విలువ లేదు. మూటలెత్తినవాడు రేణిగుంటలో ఉంటే నేను తిరుమలలో గుండు గీయించుకుంటే ఎవరికి సరిపోయినట్టు?

కొండకు కాదు, రేణిగుంటకు పోయాను. మునిరత్నం గోడౌను బయట సిమెంటు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు, లేవలేదు. నిలబడే చెప్పాను. కొండ దిగి తీసిన లెక్క సంగతి చెప్పాను. అది ఆయనకు అప్పుడే తెలుసట. ఘాట్ రోడ్డులో లారీ తోలినవాడికి తెలియదా? తెలిసీ చెప్పలేదేమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఇదంతా రాసి అచ్చుకు పంపుతానన్నాను. పేర్లన్నీ తీసేస్తాను, మీకు ఇబ్బంది లేకుండా ఎవరి పేరూ ఉండదు అన్నాను. మంచిపని చేస్తున్నట్టే అన్నాను.

ఆయన అన్నాడు, గొంతు పెంచకుండా:

"దొంగ అన్నప్పుడు పేరు పెట్టే గదప్పా అన్న్యారు. కాదని రాసేటప్పుడు పేరెందుకు తీసేస్తారు?"

ఆయన అరుగు దిగి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయాడు. క్షమించాననలేదు. క్షమించననీ అనలేదు. టీ తాగుతారా అని కూడా అడగలేదు, ఎందుకు అడగాలి?

ఇందులో మా బావ పేరు లేదు. మా అక్క కోసం అంతవరకు తగ్గాను. నా పేరూ లేదు. దానికి కారణం వెతకబోతే కొత్త అబద్ధమొకటి తయారవుతుంది, వెతకను. కానీ ఇది అచ్చయిన రోజు మొదటి ప్రతి అక్క ఇంట్లో భోజనాల బల్ల మీద పెడతాను, పిల్లల చేత పైకి చదివిస్తాను. బావ ఆ గడప తొక్కవద్దంటే తొక్కను.

ఆయన పేరు మాత్రం అసలు పేరే. మునిరత్నం. పూతలపట్టు పక్క పల్లె. డ్రైవరు. ఆ అమెరికా బండి మన రోడ్ల మీద లీటరుకు నాలుగే ఇస్తుంది, ఆయన దాంట్లోంచి చుక్క కూడా తీయలేదు. రాసేశాను. ఊపిరి ఆడుతోంది.